జెయింట్ పక్షులు తిరిగే చోట కోట కట్టాలంటే: ముందు కప్పు, తర్వాత గోడ

మా అమ్మమ్మ గారింట్లో గుడ్లు పిగిలి పిల్లలు బయటికొచ్చాక కొన్నాళ్ల పాటు తల్లికోడినీ పిల్లల్నీ గంప కిందే ఉంచేవాళ్లు. పెరడు చుట్టూ కంప దడి ఉండేది, కుక్క కాపలా ఉండేది. అయినా గంప కావాల్సిందే. ఎందుకంటే గద్దకు దడితో పనిలేదు, అది పైనుంచి వస్తుంది. ఒకసారి తన్నుకుపోయాక ఎంత అరిచినా పిల్ల తిరిగి రాదు. డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ అనే కంప్యూటర్ ఆటలో జెయింట్ (రాక్షస) పక్షులతో అవస్థ పడుతున్నవాళ్లకు నేను చెప్పేది కూడా ఇదే. గోడ సంగతి తర్వాత, ముందు నెత్తిమీద కప్పు చూసుకోండి.

ఆట కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. టార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్ అనే అన్నదమ్ములు తయారుచేసిన ఈ ఆట 2006 ఆగస్టులో మొదటిసారి బయటికి వచ్చింది. బొమ్మలతో కూడిన స్టీమ్ వెర్షన్ 2022 డిసెంబర్ 6న వచ్చింది. అక్షరాలతో కనిపించే పాత క్లాసిక్ వెర్షన్ ఇప్పటికీ ఉచితమే. ఏడుగురు మరుగుజ్జులు, ఒక బండి సామాను, ఒక కొండ పక్క. అక్కడ మొదలుపెట్టి ఊరంత కోటను పెంచాలి. ఆ చుట్టుపక్కల అడవిలో మామూలు జంతువులే కాక, కొన్ని ప్రాంతాల్లో వాటి రాక్షస రూపాలు కూడా తిరుగుతాయి. పిచ్చుక లాంటి చిన్న పిట్ట కూడా జెయింట్ రూపంలో మన మరుగుజ్జుకి మూడింతలు ఉంటుంది. ఆటలో మరుగుజ్జు శరీర పరిమాణం 60,000 ఘన సెంటీమీటర్లు. జెయింట్ పక్షుల్లో చిన్నవాటిది కూడా 2,00,000 చుట్టూ ఉంటుంది. ఇంత శరీరంతో అది ఎగరగలదు కూడా. చిక్కంతా అక్కడే.

చోటు ఎంచుకునేటప్పుడే చూసుకోండి

కోటకి చోటు ఎంచుకునే ఎంబార్క్ స్క్రీన్‌లో మీరు ఎంచుకున్న చోటి పరిసరాల పేరు కనిపిస్తుంది. నేల పైన తిరిగే జెయింట్ జంతువులు సావేజ్, అంటే బాగా క్రూరమైన అడవి ప్రాంతాల్లోనే ఉంటాయి. జాయస్ వైల్డ్స్, అన్‌టేమ్డ్ వైల్డ్స్, టెరిఫయింగ్ అనే ఈ మూడు పేర్లలో ఏది కనిపించినా జెయింట్ జాతులు రావచ్చని అర్థం. కామ్, సెరీన్, సినిస్టర్ అని ఉంటే జెయింట్ రూపాల బెడద ఉండదు. మొదటి కోట కడుతున్నవాళ్లు కామ్ దగ్గర మొదలుపెట్టడమే మంచిది. ఆ ప్రశాంతతలో తవ్వకం, వ్యవసాయం, సారా బట్టీ చేతికి అలవాటవుతాయి. రెండో కోటకి అన్‌టేమ్డ్ వైల్డ్స్ తీసుకోండి. నా ఉద్దేశంలో ఈ ఆట అసలు అందం అక్కడే ఉంది. ఆకాశంలో అంత పెద్ద రెక్కలు కదులుతుంటే కింద ఏడుగురు చిన్న మనుషులు మూటలు మోసుకుంటూ తిరుగుతుంటారు.

ఒక ఎంబార్క్ చతురస్రంలో రెండు మూడు రకాల ప్రాంతాలు కలిసి ఉండొచ్చు. ఒక మూల చిన్న ముక్క సావేజ్ అయినా పక్షులకు అది చాలు. ప్రతి ముక్కనూ నొక్కి చూశాకే ఖాయం చేయండి.

ఏ పక్షి ఏం చేస్తుందో తెలుసుకోండి

అన్ని జెయింట్ పక్షులూ ఒకేలా ప్రవర్తించవు. తేడా తెలియకపోతే అనవసరంగా భయపడతారు, లేదంటే భయపడాల్సిన చోట నిర్లక్ష్యం చేస్తారు.

మొదట చెప్పుకోవాల్సింది జెయింట్ కీయా. కీయా నిజంగా ఉన్న పక్షే. న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలోని కొండల్లో ఉండే ఆలివ్ పచ్చ రంగు చిలుక. మనిషంటే బెదురు లేదు, కంటపడ్డ ప్రతి వస్తువునూ ముక్కుతో పీకి చూడాలన్న ఆత్రం. అక్కడ ఆపిన కార్ల రబ్బరు పట్టీలు పీకేయడం, పర్యాటకుల సంచుల్లోంచి వస్తువులు లాక్కోవడం దానికి మామూలే. ఆటలో కూడా ఈ గుణాన్ని అలాగే ఉంచారు. కీయాలు గుంపుగా వచ్చి, దొరికిన వస్తువు పట్టుకుని మ్యాప్ అంచు దాకా ఎగిరిపోతాయి. అంచు దాటిందా, ఆ వస్తువు పోయినట్టే. మామూలు కీయా చిన్నది కాబట్టి విసిగిస్తుందంతే. జెయింట్ కీయా ఒంటరిగా దొరికిన మరుగుజ్జుని చంపేయగలదు.

బజార్డ్‌లు అనే గద్ద జాతి పక్షుల కన్ను తిండి మీద. బయట పెట్టిన ఆహారం వాటి పాలవుతుంది. జెయింట్ ఈగిల్ కొండ ప్రాంతాల పక్షి, దానికి దొంగతనం అలవాటు లేదు. కాస్త దూరంగా ఉంటే దాని దారిన అది పోతుంది. దాని మీదికి వేటగాణ్ణి ఒంటరిగా పంపడం మాత్రం పొరపాటు. భూమి లోపలి గుహల్లో జెయింట్ కేవ్ స్వాలోలు ఉంటాయి. గుహలోకి తవ్వి దారి తెరిచినప్పుడు అవి మెట్ల గుండా పైకి రాగలవు. అందుకే తవ్వేముందే ఆ మెట్ల దగ్గర తలుపు పెట్టుకోండి.

మొదటి వారం: బండి ఖాళీ చేయండి

ఆట మొదలయ్యేసరికి మీ ఆస్తి మొత్తం బయట బండి దగ్గర ఉంటుంది. తిండి, సారా, గొడ్డళ్లు, విత్తనాలు, దాగలి. కీయాలకు ఇంతకంటే మంచి సంత దొరకదు.

నా కోటల్లో ఒకదాంట్లో జరిగింది చెబుతాను. వసంతం గడిచిపోతోంది, నేను పడకగదులు తవ్వడంలో మునిగిపోయి బండిని పట్టించుకోలేదు. ఉత్తరం వైపు నుంచి జెయింట్ కీయాలు వచ్చాయి. ఆటను పాజ్ చేసి ఒక్కొక్కదాన్నీ నొక్కి చూశాను. ఒకటి బండి పక్కన వాలింది. ఆటను మరో నాలుగు అడుగులు ముందుకు నడిపాను. దాని దగ్గరున్న వస్తువుల పట్టికలో ఇనుప దాగలి! మరుగుజ్జులు దాని కింద పరిగెత్తారు, అది రెండు అంతస్తుల ఎత్తున వెళ్తోంది. చేతిలో ఉన్నది గొడ్డలి, అందదు. ఈ ఆటలో దాగలి లేకుండా కమ్మరి కొలిమి కట్టలేరు, కొలిమి లేకుండా దాగలి చేయలేరు. శరదృతువులో మన మరుగుజ్జుల బిడారు వచ్చి దాగలి అమ్మేదాకా ఒక్క ఇనుప ముక్క కూడా సాగగొట్టలేకపోయాను.

కాబట్టి ఈ వరుసలో చేయండి. ఆట మొదలవగానే కొండ పక్క నుంచి గానీ మట్టిలోకి మెట్లు తవ్వి గానీ ఒక గది తీయండి, పది గడుల పొడవు, పది గడుల వెడల్పు చాలు. నున్నగా చెక్కడం, అందం చూసుకోవడం అన్నీ తర్వాత. ఆ గదిలో అన్ని రకాల వస్తువులూ తీసుకునే స్టాక్‌పైల్ (నిల్వ చోటు) పెట్టండి. తవ్వేవాణ్ణి వదిలేసి మిగతా ఆరుగురినీ మోతకే పెట్టండి. ముందు దాగలి, గుద్దలి, గొడ్డలి, ఆ తర్వాత విత్తనాలు, ఆ తర్వాత మిగతావి వెళ్లాలి. వరుస మీ చేతిలో ఉండాలంటే మొదట దాగలి, పనిముట్లు మాత్రమే తీసుకునే చిన్న స్టాక్‌పైల్ ఒకటి పెట్టి, అది నిండాక రెండోది తెరవండి. గది వాకిట్లో తలుపు పెట్టండి. పక్షులు కనిపిస్తే ఆ తలుపుకి తాళం వేయండి, తెరిచి ఉన్న తలుపు దొంగను ఆపదు.

కప్పు వేయడం

చాలామంది తెలిసి తెలిసీ తప్పు చేసేది ఇక్కడే. చుట్టూ చక్కటి ప్రహరీ కడతారు, వంతెన పెడతారు, లోపల పశువుల దొడ్డి, పొలం పెట్టుకుంటారు. పైన మాత్రం ఆకాశం. నడిచి వచ్చే శత్రువుకి అది కోట, ఎగిరి వచ్చేదానికి అది పళ్లెం.

కొండ లోపల తవ్వుకున్న గదులకు కొండే కప్పు. కాబట్టి పక్షులున్న చోట వీలైనంత వరకు లోపలే బతకండి. బయట తప్పనిసరిగా ఉండాల్సినవి కొన్ని ఉంటాయి. నేల మీద పండే పంటలు, పశువుల మేత, వర్తకుల బండ్లు ఆగే చోటు లాంటివి. వాటికి కప్పు ఇలా వేయాలి.

ముందు నాలుగు వైపులా గోడ కట్టండి. గోడ కడితే దాని పైభాగం పై అంతస్తుకి నేల అవుతుంది. ఇప్పుడు ఒక పక్క లోపలి నుంచి పైకి వెళ్లడానికి మెట్లు పెట్టండి. మరుగుజ్జులు గోడ మీదికి చేరాక, గోడ అంచు నుంచి లోపలి వైపుగా ఒక్కో గడికి నేల వేసుకుంటూ రండి. ఈ ఆటలో నేల ఎంత దూరం చాచినా కూలదు, ఒక పక్కన ఏదో ఒక ఆధారానికి అంటుకుని ఉంటే చాలు. మధ్యలో స్తంభాలు అక్కర్లేదు. వికర్ణంగా మూలకు తగిలితే మాత్రం అది ఆధారం కిందికి రాదు. అందుకే వరుసగా ఒక అంచు నుంచి మరో అంచుకి వేసుకుంటూ రావాలి. మధ్యలో దూకి వేయమంటే పని ఆగిపోతుంది.

రాళ్ల లెక్క కూడా ముందే వేసుకోండి. పది గడుల పొడవు, పది గడుల వెడల్పు ఉన్న ఆవరణ లోపలికి కప్పు వేయాలంటే 100 గడులు. మామూలు రాళ్లతో వేస్తే 100 రాళ్లు కావాలి. అదే రాతి పనివాడి వర్క్‌షాప్‌లో ఒక రాయిని దిమ్మెలుగా కోయిస్తే నాలుగు దిమ్మెలు వస్తాయి, అంటే 25 రాళ్లతోనే కప్పు పూర్తవుతుంది. దిమ్మెలు మోయడానికి కూడా తేలిక. పెద్ద ఆవరణలు కట్టేవాళ్లకు ఇది చాలా తేడా తెస్తుంది.

కప్పు వేస్తే పంటలు పండవేమోనని చాలామందికి అనుమానం. పండుతాయి. ఒకసారి ఆకాశం చూసిన నేలను ఆట ఎప్పటికీ వెలుగు నేలగానే లెక్కిస్తుంది. తర్వాత పైన కప్పు పడినా నేల మీది పంటలు అక్కడ వేసుకోవచ్చు. అంటే గంప కింద కూడా పొలం పెట్టుకోవచ్చన్నమాట. ఈ ఒక్క సంగతి తెలిశాక నేను పొలాన్ని మళ్లీ బయట పెట్టలేదు.

చివరగా మెట్లు. నేల మీది నుంచి కోట లోపలికి దిగే మెట్లు ఆకాశం వైపు తెరుచుకుని ఉంటే పక్షి అందులోంచి నేరుగా మీ భోజనశాలకు దిగుతుంది. ఆ మెట్ల నోటికి హ్యాచ్ కవర్ (మూత తలుపు) వేసి, అవసరమైనప్పుడు తాళం వేయండి. చెట్లు కొట్టించడానికి, పండ్లు కోయించడానికి మనుషులు బయటికి వెళ్తూనే ఉంటారు కాబట్టి వాకిలి ఒక్కటే ఉంచండి. రెండు వాకిళ్లుంటే టెన్షన్‌లో ఒకటి మర్చిపోతాం.

మంచె కట్టండి

జొన్న చేలో పిట్టలు తోలడానికి మంచె ఎందుకు వేస్తారు? కింద నిలబడితే చేను కనిపించదు, వడిసెల రాయి అందదు. ఇక్కడ కూడా అంతే. కత్తి, గొడ్డలి పట్టిన సైనికులకు ఎగిరే పక్షి అందదు. చంపమని ఆజ్ఞ ఇస్తే దాని నీడ కింద అటూ ఇటూ పరిగెత్తి అలసిపోతారు. పక్షి కిందికి దిగినప్పుడే వాళ్లకు అవకాశం. మీకు కావాల్సింది క్రాస్‌బో పట్టినవాళ్లు.

ఆవరణ మూలన రెండు మూడు అంతస్తుల బురుజు కట్టండి. పై అంతస్తు గోడల్లో ఫోర్టిఫికేషన్లు, అంటే బాణం వేసే సందులున్న గోడలు పెట్టండి. వాటిలోంచి బాణం బయటికి వెళ్తుంది, పక్షి మాత్రం లోపలికి రాలేదు. బురుజు నెత్తిన కూడా కప్పు తప్పనిసరి. కప్పు లేని బురుజులో నిలబడ్డ విలుకాణ్ణి పక్షి పైనుంచి వచ్చి పట్టుకుంటుంది. నా మొదటి బురుజుకు కప్పు వేయలేదు, అక్కడ కాపలా ఉన్న అమ్మాయి సమాధి ఇప్పటికీ ఆ కోటలో ఉంది.

స్క్వాడ్ తయారుచేసేటప్పుడు మూడు సంగతులు సరిచూడండి. ఒక్కొక్కరికీ క్రాస్‌బో, తోలు అంబులపొది, బాణాలు, మూడూ ఉండాలి. పొది లేకపోతే బాణాలున్నా ఎక్కుపెట్టరు. చెక్కతో, ఎముకతో చేసిన బాణాలు సాధనకు కేటాయించండి, లోహపు బాణాలు యుద్ధానికి దాచండి. ఒక చెక్క దుంగతో 25 బాణాలు వస్తాయి. బురుజు కిందే గురి సాధన చేసే చోటు పెట్టి నెల తప్పకుండా సాధన చేయించండి. గురి కుదరని విలుకాళ్లు నలుగురున్నా కీయా దాగలితో సహా దాటిపోతుంది.

వస్తువు ఎత్తుకెళ్తున్న పక్షిని మ్యాప్ అంచుకి చేరేలోపు కొడితే వస్తువు కింద పడుతుంది, మీదే. అందుకని బురుజును కోట నడిమధ్య కాకుండా, పక్షులు ఎక్కువగా వచ్చే వైపున కట్టండి. ఒకటి రెండు సార్లు గమనిస్తే వాటి దారి తెలిసిపోతుంది.

కూత వేయగానే అందరూ లోపలికి

కోట లోపలి భాగాన్ని ఒక బర్రోగా, అంటే మనుషులు ఉండాల్సిన హద్దుగా గీసి పెట్టుకోండి. జెయింట్ పక్షులు కనిపించగానే ఆట పాజ్ చేసి, సివిలియన్ అలర్ట్ (సైనికులు కానివాళ్లకు హెచ్చరిక) పెట్టి అందర్నీ అందులోకి పిలవండి. వాళ్లు లోపలికి వచ్చాక తాళాలు వేయండి. ఆట మొదట్లోనే ఇది సిద్ధం చేసుకోవాలి, పక్షి వచ్చాక గీయడం మొదలుపెడితే ఆలస్యమైపోతుంది.

పట్టుకోవడం

నాకు వాటిని చంపడం కంటే పట్టుకోవడమే ఇష్టం. ఒక ప్రాంతంలో ఉండే అడవి జంతువుల సంఖ్య ఈ ఆటలో పరిమితం. వరుసగా చంపుకుంటూ పోతే ఒకనాటికి ఆకాశం ఖాళీ అవుతుంది. అంత అందమైన జాతిని అయిపోగొట్టడానికి నాకు మనసొప్పదు.

కేజ్ ట్రాప్‌కి, అంటే పంజరం ఉచ్చుకి ఒక పంజరం, ఒక మెకానిజం (యంత్ర భాగం) కావాలి. రెండూ మీ వడ్రంగి, మెకానిక్ చేసేవే. ఎగిరే జీవి ట్రాప్ ఉన్న గడిలోంచి వెళ్తేనే పడుతుంది, పైనుంచి వెళ్తే పడదు. అందుకే దాన్ని కిందికి రప్పించాలి. కీయాలకు ఎర సులువు. కప్పు, గోడలు ఉన్న చిన్న గది కట్టి, అందులో మీకు పనికిరాని చెప్పులు, విరిగిన బొమ్మలు, చవక రాతి కప్పులు పడేయండి. గదికి ఒకే దారి, ఒక గడి వెడల్పు, నాలుగైదు గడుల పొడవు ఉండాలి. ఆ దారి పొడవునా కేజ్ ట్రాపులు. పైన కప్పు ఉంది కాబట్టి లోపలికి రావాలంటే అది ట్రాపుల మీదుగానే రావాలి. ఒక ట్రాప్ ఒక పక్షినే పడుతుంది, ఆ తర్వాత పంజరం తీసి కొత్తది పెట్టేదాకా పనిచేయదు. గుంపు వస్తుంది కాబట్టి నాలుగైదు ట్రాపులుండాలి. మీ మరుగుజ్జులు, మీ పశువులు, వర్తకులు ఆ దారిన నడిచినా ఏమీ కాదు.

గుహల పక్షులకు ఎర పెట్టాల్సిన పనిలేదు. గుహ నుంచి మెట్లకు వచ్చే సన్నని దారిలో ట్రాపులుంటే చాలు.

రాక్ అనే మహా పక్షి గురించి ఒక మాట. ఇది జెయింట్ జంతువు కాదు, డ్రాగన్, హైడ్రాల సరసన లెక్కించే మెగాబీస్ట్, అంటే మహా మృగం. మన కథల్లోని గండభేరుండ పక్షిని తలుచుకోండి. జనాభా 80 దాటడం, సంపద పెరగడం లాంటివి దాన్ని మీ దాకా రప్పిస్తాయి. అది తలుపులు బద్దలుకొడుతుంది కాబట్టి తాళాన్ని నమ్మకండి. వాకిట్లో పైకి లేచే వంతెన కట్టి, దాన్ని ఒక లివర్‌కి కలపండి. వంతెన లేపితే అది గోడే. లివర్‌కి ఒకటి, కలపడానికి రెండు, మొత్తం మూడు మెకానిజాలు సిద్ధం చేసుకోండి. లివర్‌ను వాకిలి దగ్గర కాకుండా భోజనశాలలో పెట్టండి, ఎప్పుడూ ఎవరో ఒకరు అక్కడుంటారు.

మచ్చిక చేయడం, పిల్లల్ని పెంచడం

పట్టిన పక్షి పంజరంలో భద్రంగా ఉంటుంది, తొందరేం లేదు. జోన్ల మెనూలో యానిమల్ ట్రైనింగ్ జోన్ ఒకటి గీయండి. యూనిట్ల పట్టికలో ఆ పక్షిని ట్రైనింగ్‌కి ఎంచి, ఒక ట్రైనర్‌ను దానికే కేటాయించండి. దాని ఆహారం కోటలో నిల్వ ఉండాలి, తిండి లేకపోతే పని ఆగుతుంది. మొదటి పక్షి మచ్చిక కావడం కష్టం. మీ జనానికి ఆ జాతి గురించి ఏమీ తెలియదు. ఒక్కొక్కటి మచ్చికయ్యేకొద్దీ జాతి మొత్తం మీద వాళ్ల అవగాహన పెరుగుతుంది, తర్వాతివి సులువవుతాయి.

అడవి నుంచి పట్టిన పెద్ద పక్షి పూర్తిగా మనదైపోదు. శిక్షణ మెల్లగా కరిగిపోయి, పట్టించుకోకపోతే మళ్లీ అడవి గుణానికి వస్తుంది. అప్పుడు దాని పక్కనున్నవాళ్లకు ప్రమాదం. అందుకే ట్రైనర్‌ను ఎప్పటికీ దానికే ఉంచండి. పిల్లలు ఆడుకునే చోట, భోజనశాలలో దాన్ని వదలకండి. కప్పు, తలుపు ఉన్న రాతిగదిని పాశ్చర్‌గా (జంతువులను ఉంచే జోన్‌గా) పెట్టి అందులో ఉంచండి.

మగ, ఆడ రెండూ దొరికితే అసలు ఆనందం మొదలవుతుంది. క్రాఫ్ట్స్ వర్క్‌షాప్‌లో రాతితో ఒక నెస్ట్ బాక్స్ (గూడు పెట్టె) చేయించి ఆ గదిలో పెట్టండి. ఆడపక్షి దాన్ని తనదిగా చేసుకుని గుడ్లు పెడుతుంది. వదిలేస్తే వంటవాళ్ల కోసం ఎవరో ఒకరు గుడ్లు ఎత్తుకుపోతారు. కాబట్టి అది పొదగడానికి కూర్చున్న రోజే బయటి నుంచి తలుపుకి తాళం వేయండి. లోపల జంట తప్ప ఎవరూ ఉండకూడదు. తాళం తీయాలన్న ఆత్రం కలుగుతుంది, ఆగండి. ఒకరోజు పట్టికలో కొత్త పేర్లు కనిపిస్తాయి. అప్పుడు తలుపు తీసి, పిల్లలన్నిటినీ అదే రోజు ట్రైనింగ్‌కి పెట్టండి. చిన్నప్పుడే శిక్షణ పొందినవి పూర్తిగా మచ్చికై పెరుగుతాయి, తల్లిలా మళ్లీ అడవి గుణానికి పోవు.